ఎరుపును తప్పించిన దారులు

మా ఆఫీసులో ఆ రోజు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు మండుతాయి.

పెద్ద డాక్టరుగారు గోడ మీది తెర పక్కన నిలబడి, సర్వేలో పరీక్షించిన పిల్లల్లో ఒక్కరికి కూడా బోదకాలు క్రిమి లేదని ప్రకటించారు. బయటి కమిటీ ఒప్పుకుని సంతకం పెడితే మన పరిధిలో జబ్బు పోయినట్టేనని, ఏటేటా మాత్రలు పంచే పని ఇక ఉండదని అన్నారు. గది హోరెత్తిపోయింది. సర్వే నడిపించింది మా బావ, అంటే మా అక్క మొగుడు. ఆయన లేచి, మొహమాటపడుతున్నట్టు మెడ వెనక గోక్కుంటూ, "నాదేముందండీ, అంతా మా మరదలి చలవ. అది పటం గీసింది, మేం నడిచాం," అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. పొగడ్తలంటే నాకు గిట్టవని చెప్పుకుంటూ ఉంటాను గానీ అది వట్టి మాట. ఆ పూటంతా నేల మీద కాలు ఆనలేదు.

నా పని పటాలు గీయడం. బోదకాలు తెచ్చే దోమ మురుగునీళ్లలో పెరుగుతుంది. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, మురుగు కాలవ ఏ మలుపులో కుళ్లుతోంది, మూతల్లేని గుంటలు ఎక్కడున్నాయి, ఇళ్లు ఎంత ఇరుగ్గా ఉన్నాయి, ఇదివరకు ఎవరెవరికి కాళ్లు వాచాయి, ఇవన్నీ ఉపగ్రహం తీసిన బొమ్మ మీద ఒకదానిపై ఒకటి పరుస్తాను. అలా పరిస్తే జబ్బు ఇంకా ఏ వీధిలో దాగి ఉండొచ్చో తెలుస్తుంది. ఆ వీధులకు ఎరుపు రంగు వేస్తాను. ఊరంతా సూదులు పొడుస్తూ తిరగడం ఎవరి వల్లా కాదు. అందుకే మా పద్ధతి ఏమిటంటే, ముందు ఎర్ర వీధుల్లోకి వెళ్లి పిల్లల వేలు పొడిచి చూడాలి. అక్కడ లేకపోతే ఇంకెక్కడా లేనట్టే, మాత్రలు ఆపేయొచ్చు. అక్కడ ఒకరిద్దరికి తేలినా సరే, మాత్రలు ఆపకూడదు. దొంగను పట్టాలంటే దొంగ తిరిగే చోటే కదా కాపు కాయాలి.

నా పటంలో అన్నిటికంటే చిక్కటి ఎరుపు కాలవ వెనక వీధిది. అక్కడ ఓ కుట్టు పిన్ని ఉంది. నాకు చుట్టం కాదు. బట్టలు కుడుతుంది కాబట్టి వీధంతా అలాగే పిలుస్తుంది, నేనూ అలాగే పిలుస్తాను. ఆమె ఎడమ కాలు మోకాలి దగ్గర్నించి పాదం దాకా వాచి, చర్మం మొద్దుబారిపోయి ఉంటుంది. కుట్టుమిషను కుడికాలు ఒక్కదానితోనే తొక్కుతుంది. మొదట్లో ఆ వీధివాళ్లు మాత్రలు తెచ్చినవాళ్లను తిట్టి తరిమేవారు. మింగితే తల తిరుగుతుందని, జ్వరం వస్తుందని వాళ్ల బాధ. అది అబద్ధమూ కాదు. ఇళ్ల చోట్లు పటంలో గుర్తుపెట్టుకోవడానికి నేను గుమ్మం గుమ్మం తిరుగుతుంటే, నన్ను కూర్చోబెట్టి మాట విన్నది ఈ పిన్ని ఒక్కతే.

"ఈ కాలు ఎలాగూ నాతోనే పోతుంది. నా మనవరాలికి రాకుండా చూడు, అంతే చాలు," అంది. మనవరాలు బుజ్జి అప్పుడు మిషను కింద కూర్చుని గుడ్డముక్కలు ఏరుకుంటోంది.

"మాత్రలు మింగండి పిన్నీ. జబ్బు పూర్తిగా పోయిందని ఈ వీధి పిల్లల నెత్తురు పరీక్షించి తేల్చేదాకా మాత్రలు ఆపనివ్వను. ఆ పూచీ నాది," అన్నాను.

ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె కుంటుకుంటూ ఇల్లిల్లూ తిరిగి అందరిచేతా మింగించింది. గవర్నమెంటు వాళ్లు ఎన్ని మైకులు పెట్టి అరిచినా కాని పని అది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు.

ఇక మా బావ సంగతి. నాన్న పోయాక నన్ను చేరదీసింది అక్కా బావలే. సైకిలు తొక్కడం నేర్పింది ఆయనే, నేను పడితే మోకాలికి మందు రాసి "మా మరదలు పిల్ల నేలకు ముద్దులు పెడుతోంది" అని వీధంతా వినేలా ఎగతాళి చేసిందీ ఆయనే. ఈ పటాల చదువులో చేరితే బాగుంటుందని దరఖాస్తు తెచ్చి చేతిలో పెట్టాడు. ఈ ఉద్యోగం ఖాళీ ఉందని కబురు తెచ్చాడు. వాళ్ల ఇంటి మీది గదిలోనే ఉంటున్నాను, కింద వాళ్ల వంటింట్లోనే తింటున్నాను. ప్రపంచంలో ఎవర్ని నమ్మకపోయినా పర్వాలేదు అనుకునేంత ధీమా నాకు, బావ ఉన్నాడు కాబట్టి.

ఆయన మీద అభిమానంతోనే ఆ పని మొదలుపెట్టాను. కమిటీ వచ్చే రోజుకు ఓ మంచి బొమ్మ తయారుచేసి ఆయన్ని ఆశ్చర్యపరచాలని. సర్వే బృందాల చేతుల్లో ఉండే ఫోన్లు వాళ్లు నడిచిన దారిని వాటంతటవే గుర్తుపెట్టుకుని మా కంప్యూటరుకు పంపుతాయి. వాటిని తెరిచి చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఆ దారుల్ని నీలం గీతలుగా మార్చి నా ఎర్ర వీధుల మీద పరిచాను. ఎండలో బావ, ఆయన మనుషులు ఎంత తిరిగారో కమిటీవాళ్లు కళ్లారా చూడాలి కదా.

నీలం గీతలు ఊరంతా అల్లుకుని కనిపించాయి. ఎర్ర వీధి మొదలు దాకా వచ్చి, అక్కడ ఆగి, పక్క వీధిలోకి తిరిగిపోయాయి. కాలవ వెనక వీధి దగ్గరా అంతే. మిగిలిన మూడు ఎర్ర వీధుల దగ్గరా అంతే.

మొదట నా మీదే అనుమానం వచ్చింది. పటం పక్కకు జరిగిందేమో అనుకున్నాను. కూడళ్లు, వంతెనలు సరిపోల్చి చూశాను. అన్నీ అతికినట్టు ఉన్నాయి. ఫోన్లు పాడయ్యాయేమో అనుకున్నాను. అన్ని ఫోన్లూ సరిగ్గా ఎర్ర వీధుల దగ్గరే పాడవుతాయా? దారి తెలియక తిరిగినవాడి కాలు ఏదో ఒక పూట ఎర్ర వీధిలో పడుతుంది. కళ్లకు గంతలు కట్టుకుని నడిచినా పడుతుంది. ఒక్క అడుగు కూడా పడలేదంటే నడిచినవాడి చేతిలో నా పటం ఉందన్నమాట. ఎక్కడ వెతకాలో చెప్పడానికి గీసిన పటాన్ని ఎక్కడ వెతకకూడదో తెలుసుకోవడానికి వాడుకున్నారు.

కంచే చేను మేసింది అంటారు. నా విషయంలో చేను ఎక్కడ పచ్చగా ఉందో కంచెకు చూపించింది కూడా నేనే.

ఇంటికి వెళ్లేసరికి బావ ముందుగదిలో కింద కూర్చుని, కమిటీ రాక కోసం బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. నా ల్యాప్‌టాప్ తెరిచి ఆ బూట్ల పక్కన పెట్టాను.

"బావా, కాలవ వెనక వీధికి వెళ్లావా?"

"వెళ్లకేం?"

"వెళితే గీత ఏది?"

ఆయన తెర వైపు చూశాడు. బ్రష్షు చేతిలోనే ఆగిపోయింది. మళ్లీ అబద్ధం ఆడలేదు, అంతవరకు మెచ్చుకోవాలి.

"నువ్వు ఇవి తెరుస్తావని అనుకోలేదు," అన్నాడు.

"ఎందుకు తెరిచానో తెలుసా? నిన్ను పొగడ్డానికి."

"కాస్త నెమ్మదిగా మాట్లాడవే. ఆ వీధుల్లోకి వెళితే ఏం దొరుకుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక పిల్లో ఇద్దరో తేలతారు. దాంతో మొత్తం కథ మళ్లీ మొదటికొస్తుంది. ఊరంతా మళ్లీ మాత్రలు, మళ్లీ తిట్లు. పెద్దాయన రిటైరయ్యేలోపు జబ్బు పోయిందన్న కాగితం కళ్లజూడాలని నా పీకల మీద కూర్చున్నాడు. నన్నేం చెయ్యమంటావ్?"

"అందుకని దొంగ ఉన్న గది ఒక్కటి వదిలేసి ఇల్లంతా వెతికి, దొంగ లేడన్నావా?"

"ఆ నాలుగు వీధులకూ తర్వాత విడిగా ఇప్పిద్దాంలే అనుకున్నా."

"జబ్బే లేదని రాసిచ్చాక మాత్రలు ఎవడిస్తాడు బావా?"

ఆయన బూటు అటూ ఇటూ తిప్పాడు. "రిపోర్టులో చోట్లు ఎంపిక చేసింది నువ్వేనని రాయించాను. నీకు పేరు రావాలనే," అన్నాడు, అదేదో ఉపకారం చేసినట్టు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం చూశాను గానీ, ఆ గిన్నె మీద పక్కవాళ్ల పేరు రాసి తాగే పిల్లిని అప్పుడే చూడటం.

వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఆమె వైపు తిరిగాను. అక్క న్యాయం చెబుతుందనే ఆశ.

"విన్నావా అక్కా ఈయన చేసిన పని?"

"నాకు తెలుసు," అంది అక్క.

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ. నీకు చెప్పొద్దన్నది నేనే. నీ నోరు ఆగదు కదా."

బావ చేసినదానికి ఒళ్లు మండింది. అక్క మాటకు మాత్రం ఏడుపొచ్చింది. వాళ్లిద్దరూ ఈ విషయం మాట్లాడుకుని, నేను మెట్లు దిగుతున్న చప్పుడు వినగానే మాట మార్చి, నాకు అన్నం వడ్డించిన పూటలన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"అక్కడ పిల్లలున్నారే," అన్నాను.

"ఇక్కడ నా పిల్లలు లేరా? ఈయన ఉద్యోగం పోతే వాళ్లేం తింటారు? అసలు ఈయనే లేకపోతే నువ్వు ఎక్కడుండేదానివి? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"లెక్కపెట్టే చదువే కదక్కా మీరు నాకు చెప్పించింది," అన్నాను. ఆ మాటకు అక్క మొహం తిప్పుకుంది. నేనూ అన్నం తినకుండానే మెట్లెక్కాను. ఆకలి వేస్తూనే ఉంది, కానీ నా పంతం నాది.

మర్నాడు ఆఫీసు స్టోరులో సంతకం పెట్టి పరీక్ష పట్టీలు తీసుకుని కాలవ వెనక వీధికి వెళ్లాను. మనసులో ఇంకా ఓ వెర్రి ఆశ. ఒకవేళ అక్కడ నిజంగానే జబ్బు పోయి ఉంటే బావ తప్పు సగమన్నా తగ్గుతుంది, నేనూ అక్కతో మాట్లాడొచ్చు.

కుట్టు పిన్ని నన్ను చూడగానే మిషను ఆపి రెండు చేతులూ చాపింది.

"రా తల్లీ, నీ నోరు చల్లగుండ! ఎంత మంచి కబురు పంపావమ్మా!"

"నేనేం కబురు పంపాను పిన్నీ?"

"అదేంటి? మీ బావగారు వీధి మొదట్లో నిలబడి అందరికీ చెప్పి వెళ్లారుగా. మా మరదలు పటంలో అంతా చూసింది, ఈ వీధిలో జబ్బు లేదని తేలిపోయింది, మీ పిల్లలకు సూది పోటు కూడా అక్కర్లేదు, ఇదే మాట మీతో చెప్పమంది అన్నారు. మేమంతా ఎంత సంబరపడ్డామో!"

ఈ సంగతి నిన్న బావ చెప్పలేదు. ఎర్ర వీధుల్ని తప్పించుకుని ఊరుకోలేదన్నమాట. తప్పించుకుంటుంటే ఎవరూ అడ్డు తగలకుండా నా మాటను తీసుకెళ్లి అక్కడ కాపలా పెట్టాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. కోసిన కత్తి కూడా నాదే.

బుజ్జి లోపలినుంచి పరిగెత్తుకుంటూ వచ్చి నా ముందు గిర్రున తిరిగింది. ఒంటి మీద కొత్త గౌను. దాని కింద తెల్లటి జాలీ గుడ్డ పొరలు పొరలుగా పొంగి ఉంది.

"బాగుందా? నేనే కుట్టా," అంది పిన్ని మురిసిపోతూ. "దోమతెర కత్తిరించా. జబ్బే పోయాక దాంతో పనేముంది చెప్పు? రాజకుమారి గౌను కావాలని ఎన్నాళ్లుగానో ప్రాణం తీస్తోంది ఇది."

చాలా బాగుందని బుజ్జితో చెప్పాను. నిజంగానే బాగుంది. అంచులు ఎంత సన్నగా మడిచిందో, కుట్టు ఎక్కడుందో కూడా కనపడలేదు. పిల్ల ఇంకోసారి తిరిగింది. నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది.

పారిపోలేదు. పిన్ని పక్కన కూర్చుని, ఒకసారి బుజ్జి వేలు పొడిచి చూస్తానన్నాను. ఆమె నవ్వు సగంలో ఆగింది. "ఎందుకూ? లేదన్నావుగా?" అంది. చూద్దాం పిన్నీ అన్నాను. ఆమె ఇంకేమీ అడక్కుండా పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని వేలు పట్టుకుంది. బుజ్జి "అబ్బా" అని, తర్వాత తన నెత్తుటి చుక్కను వింతగా చూసుకుంది. ఆ చుక్కను పట్టీ మీద వేశాను. ఒక గీత వస్తే జబ్బు లేనట్టు, రెండో గీత వస్తే ఉన్నట్టు. కాసేపు ఆగాలి. ఆ కాసేపూ పిన్ని మిషను చక్రం మీద చెయ్యి ఆనించి, కుట్టకుండా కూర్చుంది.

రెండో గీత లేతగా మొదలై, చూస్తుండగానే చిక్కబడింది.

"ఉంది పిన్నీ," అన్నాను. "మందుంది, ఇప్పుడే వాడితే కాలు వాచదు. కానీ మా బావ చెప్పింది అబద్ధం. నేను ఆ కబురు పంపలేదు. ఈ వీధిలో ముందు చూడమని పటం గీసి ఇచ్చాను, ఆయన రాలేదు."

పిన్ని ఆ పట్టీ వంక చూసింది. తర్వాత తన కాలి వంక చూసుకుంది. అరిచి ఉంటే తట్టుకునేదాన్ని.

"మీ బావగారెవరో మాకు తెలీదమ్మా," అంది మెల్లగా. "ఆయన నీ పేరు చెప్పాడు కాబట్టి నమ్మాం."

ఆ వీధిలోనే, ఆమె గుమ్మంలోనే కూర్చుని పని పూర్తిచేశాను. ఒప్పుకున్న ఇళ్లలో పిల్లలందర్నీ పరీక్షించాను. ఇంకో ఇద్దరికి రెండు గీతలు వచ్చాయి. ఫలితాలతో పాటు నీలం గీతలు పరిచిన పటాన్ని నేరుగా బయటి కమిటీకి పంపాను. రిపోర్టులో నా పేరు ఉంది కానీ ఆ చోట్లు నేను ఎంచినవి కావని కింద రాశాను. పంపే ముందు అక్క పిల్లలు గుర్తొచ్చారు. అయినా పంపాను.

ఆఫీసు మెట్ల మీద బావ ఎదురుపడ్డాడు. అప్పటికే ఆయన చేత వివరణ రాయించుకున్నారు. తప్పుకుని పోబోతుంటే ఆపాను.

"వీధి తప్పించావు, సరే. అక్కడ నా పేరెందుకు చెప్పావు?"

ఆయన కోప్పడలేదు. అలసిపోయినవాడిలా నా వైపు చూసి, "నా పేరు చెబితే నమ్మరు కదే," అన్నాడు. అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆయన చెప్పిన నిజాల్లోకెల్లా నన్ను ఎక్కువ కాల్చింది అదే.

అక్క నా సామానంతా సర్ది మెట్ల కింద పెట్టింది. బట్టలు ఒక్క మడత కూడా నలగకుండా పెట్టింది. తలుపు మాత్రం తియ్యలేదు. నేను పిలిచాను కూడా.

కమిటీ సంతకం పెట్టలేదు. ఇల్లు అలకగానే పండగ కాదని పెద్ద డాక్టరుగారికి ఎవరు చెప్పారో గానీ, ఆయన నాతో మాట్లాడటం మానేశారు. బావను వేరే విభాగానికి మార్చి విచారణ వేశారు. మాత్రలు మళ్లీ వచ్చాయి. కాలవ వెనక వీధికి నేనే వెళతానని పట్టుబట్టి వెళ్లాను, కొత్తగా చేరిన నర్సమ్మను వెంటబెట్టుకుని.

మాత్రలు ఇంట్లో ఇచ్చి రావడం మా పద్ధతి కాదు. మా కళ్లముందే మింగాలి. మింగాక నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాలి. చాలామంది చెప్పిన మాట విని మింగారు. వాళ్లు నా మొహం చూడటం లేదని గమనించాను గానీ, పని జరుగుతోందిగా అనుకున్నాను.

కుట్టు పిన్ని గుమ్మం దగ్గర బుజ్జి వయసుకు సరిపడా మాత్రలు అరచేతిలో వేసుకుని, నీళ్ల గ్లాసు పట్టుకుని వంగాను. పిన్ని మిషను మీదినుంచి లేచి వచ్చింది. కోపంగా రాలేదు. బుజ్జిని భుజం పట్టుకుని తన వెనక్కి జరుపుకుంది.

"ఏమీ అనుకోకు తల్లీ. మింగనంటం లేదు. నీ చేత్తో వద్దు," అంది.

"పిన్నీ, నేనే కదా మళ్లీ..."

"తెలుసమ్మా. నీ తప్పు లేదని కూడా తెలుసు. కానీ ఇంకోసారి ఎవరన్నా నీ పేరు చెప్పుకుని వస్తే, ఏది నీ మాటో ఏది కాదో నాకెలా తెలుస్తుంది? పిల్లదాని సంగతి."

ఆమె అన్నదాంట్లో తప్పు వెతికాను, దొరకలేదు. మాత్రలు నర్సమ్మ చేతిలో పోసి, గ్లాసు కూడా ఆమెకే ఇచ్చి, గుమ్మం దిగి వీధిలోకి వచ్చి నిలబడ్డాను. నర్సమ్మ ఆ వీధికి రావడం అదే మొదటిసారి. ఎవరికీ ఆమె పేరు కూడా తెలియదు.

బుజ్జి గబగబా మింగేసింది. తర్వాత నోరు బార్లా తెరిచి, నాలుక ఎత్తి, ఆ కొత్తావిడకు చూపించింది.